అంబ్రెల్లా కంపెనీని శాతం చూసి ఎంచుకోవద్దు

బ్రిటన్‌లో ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాకో, డిపెండెంట్ వీసా మీదో తొలిసారి కాంట్రాక్టు పనిలోకి దిగే మన ఐటీ నిపుణులు అంబ్రెల్లా కంపెనీని (ఏజెన్సీ నుంచి వచ్చే సొమ్ములోంచి పన్నులు పట్టుకుని మిగతాది జీతంగా ఇచ్చే, కాగితాల మీద యజమాని అయిన సంస్థను) వెతుక్కునేటప్పుడు తెలిసినవారిని అడిగే మొదటి ప్రశ్న, రేటులో ఎంత శాతం చేతికి వస్తుందని. ఎక్కువ శాతం చెప్పినవారి దగ్గర చేరిపోవడం, ఆపై రిఫరల్ బోనస్ కోసం మరో నలుగురిని చేర్పించడం మామూలైపోయింది. చట్టబద్ధంగా నడిచే కంపెనీలన్నింటిలోనూ చేతికొచ్చే మొత్తం ఇంచుమించు ఒకటే కనుక, పెద్ద తేడా చూపిస్తున్న కంపెనీని అనుమానించాలే తప్ప ఆశపడకూడదు.

కాంట్రాక్టర్‌ను పన్ను లెక్కల్లో ఉద్యోగిగా చూడాలా వద్దా అని తేల్చే ఐఆర్35 నిబంధన కింద నిర్ధారణ బాధ్యత 2017లో ప్రభుత్వ సంస్థలకు, 2021 ఏప్రిల్‌లో మధ్య, పెద్ద తరహా ప్రైవేటు క్లయింట్లకు బదిలీ అయ్యాక సొంత లిమిటెడ్ కంపెనీ దారి చాలామందికి మూసుకుపోయి అంబ్రెల్లా దారే మిగిలింది. కాబట్టి నేరుగా లెక్కలోకి వెళదాం. రోజుకు 400 పౌండ్ల చొప్పున వారానికి 2,000 పౌండ్లు ఏజెన్సీ నుంచి వస్తున్నాయనుకుందాం. అందులోంచి అంబ్రెల్లా కంపెనీ తీసుకునే రుసుము (మార్జిన్) 20 పౌండ్లు, యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రతా చందా), అప్రెంటిస్‌షిప్ లెవీ (శిక్షణల కోసం యజమానులు కట్టే సుంకం) కలిపి సుమారు 253 పౌండ్లు పోగా మిగిలే 1,727 పౌండ్లే ఉద్యోగి అసలు స్థూల జీతం. దాని మీద ఇంగ్లండ్ రేట్ల ప్రకారం ఆదాయపు పన్ను, ఉద్యోగి వాటా ఇన్సూరెన్స్ తీసేస్తే, పెన్షన్ కోత లేకపోయినా, చేతికి వచ్చేది దాదాపు 1,205 పౌండ్లు, అంటే 60 శాతం. మార్జిన్ 10 పౌండ్లు తక్కువ తీసుకునే కంపెనీకి మారితే వారానికి అదనంగా మిగిలేది సుమారు 5 పౌండ్లే. ఇదే రేటుకు 80 శాతం ఇస్తామంటున్న కంపెనీ ఆ తేడాను పన్నులోంచే తీయాలి, మరో చోటు లేదు. జీతంలో కొంత భాగాన్ని అప్పుగానో, మరో పేరుతోనో ఇచ్చే పథకాలు అలా పుట్టినవే. 2019లో అమల్లోకి వచ్చిన లోన్ చార్జ్ అనే పన్ను అలాంటి పాత అప్పులను ఆదాయంగా లెక్కగట్టినప్పుడు, పథకాలు అమ్మిన చాలా కంపెనీలు కనుమరుగైపోగా, పన్ను నోటీసులు అందుకున్నది పని చేసినవారే. పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన పేరిట పన్నుల చరిత్రను కూడా పరిశీలించే దేశంలో వలస వచ్చినవారికి ఇది డబ్బుతో తీరే నష్టం కాదు.

శాతం గురించి ఇంత తపన పడేవారు సెలవు జీతం గురించి ఒక్క ముక్కా అడగకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. పై లెక్కలోని 1,727 పౌండ్లలో 12.07 శాతం చొప్పున లెక్కించిన సెలవు జీతం, అంటే సుమారు 186 పౌండ్లు, కలిసే ఉంది. దాన్ని ప్రతి వారం జీతంతో పాటే చెల్లిస్తారా, లేక పక్కన పెట్టి సెలవు తీసుకున్నప్పుడు ఇస్తారా అన్నది ఒప్పందంలోని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పక్కన పెట్టే పద్ధతిలో ఆరు నెలల్లో పోగయ్యేది 4,800 పౌండ్ల పైమాటే. కాంట్రాక్టు ముగిసిన హడావిడిలో అడగడం మరిచిపోయినా, గడువు దాటిందని కంపెనీ మొండికేసినా ఆ సొమ్ము అక్కడే ఉండిపోతుంది. వారానికి 5 పౌండ్ల కోసం పది కంపెనీలను పోల్చి చూసేవారు వేల పౌండ్లను ఇలా గాలికి వదిలేస్తున్నారు.

ఏజెన్సీ తాను సిఫారసు చేసే అంబ్రెల్లా కంపెనీల జాబితాలోంచి ఎంచుకోమన్నప్పుడు తనిఖీ అంతా వాళ్లే చేసి ఉంటారు కదా, మనకెందుకు ఈ తలనొప్పి అనేవారున్నారు. అనారోగ్య, ప్రసూతి చెల్లింపుల వంటి ఉద్యోగి హక్కులు దక్కడం, పన్ను లెక్కలు ఎవరో చూసిపెట్టడం నిజంగానే సౌకర్యం. అయితే జాబితాలో చోటు కోసం ఏజెన్సీలకు కమిషన్ ముట్టజెప్పే అలవాటు ఈ రంగంలో రహస్యమేమీ కాదు. జాబితా వడపోతకు మాత్రమే పనికొస్తుంది. నమూనా పేస్లిప్‌ను, 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్‌ను (జీతం, కోతల వివరాల పత్రాన్ని) సంతకానికి ముందే తెప్పించుకుని, రెండింటిలోని అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సింది మాత్రం మనమే.

అసలు తన యజమానిని తానే వెతుక్కుని, అతని రుసుమునూ, అతను ప్రభుత్వానికి కట్టాల్సిన ఇన్సూరెన్స్‌నూ తన రేటులోంచే భరించే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా? పని చేయించుకునే క్లయింటుకు యజమాని బాధ్యత లేదు, మనిషిని పంపే ఏజెన్సీకీ లేదు. యజమాని అనిపించుకున్న కంపెనీ చేసేదల్లా పేస్లిప్ ముద్రించడమే. యజమాని వాటా ఇన్సూరెన్స్ 2025 ఏప్రిల్‌లో 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగినప్పుడు, రేటు పెంచి ఆ భారం తీసుకోవాల్సిన క్లయింట్లు మిన్నకుంటే చాలు, అది తనంతట తానే కాంట్రాక్టర్ జీతం మీద పడే ఏర్పాటు ఇది. జీతంలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన పీఏవైఈ పన్నును అంబ్రెల్లా కంపెనీ ఎగవేస్తే దానికి ఏజెన్సీని కూడా బాధ్యుణ్ని చేస్తూ 2026 ఏప్రిల్ నుంచి తెచ్చిన నిబంధన మంచిదే గానీ, అది కాపాడేది ఖజానాకు రావాల్సిన సొమ్మును. అదే ఉమ్మడి బాధ్యతను ఎగ్గొట్టిన సెలవు జీతానికీ వర్తింపజేస్తే, ఏ కంపెనీని జాబితాలో ఉంచాలో ఏజెన్సీలు మరింత జాగ్రత్తగా ఆలోచిస్తాయి. అంతవరకు కొత్తగా చేరేవారు సెలవు జీతాన్ని వారం వారం చెల్లించాలని ఒప్పందంలో రాయించుకోవాలి, అందుకు ఒప్పుకోని కంపెనీని వదిలేయాలి.