పూల కప్పుల మీద స్టిక్కరు అపవాదు

ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్ పింగాణీ కార్ఖానాలో స్త్రీలు కప్పులకు నీలిపూలు అద్దుతున్న వీడియో ఒకటి విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని కింద నాలుగు మాటలున్నాయి: ఇవి స్టిక్కర్లు, ఈ పని రెండు రోజుల్లో ఎవరికైనా వస్తుంది, డిజైన్లు మగవాళ్లవే, ఆ రంగు తాగేవారికి విషం.

మొదటి మాట పూర్తిగా తప్పు. అక్కడి 1889 నాటి మిడిల్‌పోర్ట్ కార్ఖానాలో ఈ పని ఇలా సాగుతుంది. చెక్కిన రాగి రోలరుకు నూనె కలిపిన వేడి రంగు పట్టించి, పల్చటి టిష్యూ కాగితం మీద అచ్చు తీస్తారు. స్త్రీలు ఆ కాగితాన్ని కత్తిరించి, ఒకసారి కాల్చి ఇంకా గాజుపూత వేయని కప్పుకు అంటించి, సబ్బు తగిలించిన గట్టి బ్రష్షుతో రుద్దుతారు. సన్నని రంధ్రాలున్న ఆ మట్టి రంగును పట్టుకుంటుంది. కాగితాన్ని నీళ్లతో కడిగేస్తారు. నూనె పోయేందుకు మళ్లీ కాల్చి, గాజుపూతలో ముంచి, ఇంకోసారి కాలుస్తారు. అంటే పువ్వు పూత కింద ఉంటుంది, గోటితో గీసినా అంచు తగలదు. బీసెంట్ రోడ్డులో దొరికే చవక కప్పుల్లో పూత పైన అతికించిన బొమ్మలూ ఉండవచ్చు గానీ, ఆ కోపం వీటి మీద చూపడం అన్యాయం.

రెండు రోజుల విద్య అన్నవారు టీ పాత్రను చూసినట్టు లేదు. చదునైన కాగితాన్ని ఉబ్బిన పొట్ట చుట్టూ, ముక్కు మొదట్లో, పిడి పక్కన ముడత పడకుండా తిప్పాలి. తీగ మొదలైన చోటికే వచ్చి కలవాలి. రంగు అంటుకున్నాక జరపడానికి వీల్లేదు. ‘అతుకు కనబడుతోంది చూడండి’ అని పోస్టులో ఎత్తిపొడిచిన ఆ సన్నని గీతే అది చేతిపని అనడానికి సాక్ష్యం.

డిజైన్ల సంగతికి పెద్ద వాదన అక్కర్లేదు. 13 ఏళ్లకే రంగులు వేసే పనిలో చేరిన క్లారిస్ క్లిఫ్ అనే ఆ ఊరి స్త్రీ, 1927లో ‘బిజార్’ పాత్రలతో తన పేరునే అమ్మకపు గుర్తుగా నిలబెట్టారు. సూసీ కూపర్ అనే మరో స్త్రీ 1929లో సొంత వ్యాపారం పెట్టుకున్నారు. కొండపల్లి బొమ్మలకు రంగులద్దే ఆడవాళ్లు పక్కనే ఉండగా మనవాళ్లు ఈ మాట నమ్మడమే నాకు వింతగా ఉంది.

విషం మాటలో మాత్రం కొంత నిజముంది. 19వ శతాబ్దంలో ఆ ఊళ్లలో గాజుపూతకు సీసం వాడేవారు. అయితే దానివల్ల ఎక్కువగా జబ్బుపడినది కప్పు కొన్నవారు కాదు. పూతలో పాత్రలు ముంచినవారు, ఎండిన పూతను తుడిచి శుభ్రం చేసిన స్త్రీలు.