నుంగి సార్, నుంగి!

తిన్న ఇడ్లీ గుండెల దగ్గర ఆగిపోతోందని డాక్టరు దగ్గరికెళ్తే ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. ముక్కులోంచి గొట్టం దింపే మానోమెట్రీ చేద్దామన్నారు. నేను దండం పెట్టాను. పోనీ ముందు న్యూక్లియర్ స్కాన్ చూద్దామన్నారు. నిన్న మా బావని తోడు తీసుకుని వెళ్ళాను.

నాలుగు గంటలు కడుపు ఖాళీగా ఉంటే చాలని వాళ్ళిచ్చిన కాగితంలోనే రాసుంది. 8 గంటలకి రమ్మని 12కి పిలిచారు. నేను తిన్నది ముందురోజు రాత్రి 9కి. లెక్క మీరే వేసుకోండి.

బల్ల మీద పడుకోబెట్టి మీదికి గామా కెమెరా దించారు. నిలబడి తాగితే నీళ్ళు వాటి బరువుకే జారిపోతాయట, అన్నవాహిక బద్ధకం బయటపడదట. ఆ కెమెరాకి కనబడేలా టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రెండు మూడు చెంచాల నీళ్ళు నోట్లో పట్టుకుని, చెప్పగానే ఒక్క గుటకలో మింగాలి. ఆ తర్వాత మళ్ళీ చెప్పేదాకా ఉమ్మి కూడా మింగకూడదు. రెండో గుటక పడిందా, మొదటి గుటకని కిందికి తోస్తున్న అల మధ్యలోనే ఆగిపోతుంది. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో మన బండి సగం దాటాక పక్కరోడ్డు వాళ్ళకి గ్రీన్ వేసినట్టు.

నోట్లో నీళ్ళతో ఎదురుచూస్తున్నాను. టెక్నీషియన్ "నుంగి సార్, నుంగి!" అన్నాడు.

కన్నడంలో దానర్థం మింగమని. బెంగళూరొచ్చి మూడు నెలలే అయిన నాకేం తెలుసు? అంతకుముందు ఆరేళ్ళు చెన్నైలో ఉన్నవాణ్ణి. అక్కడ నుంగు అంటే తాటిముంజె! పదిహేను గంటలుగా పచ్చి మంచినీళ్ళు ముట్టనివాడి చెవిలో ఆ మాట పడితే ఏమవుతుంది? మా నెల్లూరు ఎండ, కత్తితో చెక్కిన కాయ, మూడు కళ్ళు, బొటనవేలితో నొక్కగానే మొహాన చిమ్మే నీళ్ళు, ఆ వగరు తొక్క తీసే ఓపిక లేక అలాగే నోట్లో వేసుకోవడం... అన్నీ వరసగా వచ్చేశాయి. "నుంగీ!" అని అతను గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి మింగాను. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ముంజెలు కళ్ళముందు నుంచి పోతేగా? నోరంతా ఊరిపోయింది. మింగాను. మళ్ళీ ఊరింది. మళ్ళీ మింగాను. "నుంగ్‌బేడి! నుంగ్‌బేడి!" అంటున్నాడతను, మింగొద్దని. నాకు 'నుంగు' ఒక్కటే వినబడుతోంది. ఇంకో నాలుగు గుటకలు.

మళ్ళీ మొదటి నుంచి చేశారు. బయటికొస్తే బావ, "ఏం బామ్మర్దీ, మింగడంలో కూడా సప్లిమెంటరీనా?" అన్నాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. మొదటి లైనులోనే "పేషెంటు సరిగ్గా సహకరించలేదు" అని రాశారు. నాలుగు గంటలు ఆ ఇనప కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నానే, దాన్నేమంటారో!