కనిపించే తప్పు, గోడలో దాగే తప్పు: సొంతంగా చేసుకునే ఇంటి పనికి హద్దు ఎక్కడ?

ఇంటి మరమ్మతులు మనమే చేసుకుందామా, పనివాళ్లను పిలుద్దామా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ముందు వినిపించే ప్రశ్న "అది కష్టమైన పనా, తేలికైన పనా?" అని. ఈ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. స్విచ్ బోర్డులో వైరు బిగించడం నిజానికి తేలికే. స్క్రూ వదులు చేసి, వైరు కొస దూర్చి, మళ్లీ బిగిస్తే అయిపోతుంది. గోడకు చారలు పడకుండా నున్నగా రంగు వేయడం అంతకంటే చాలా కష్టం. దానికి చేయి తిరగాలి, ఓపిక కావాలి. అయినా కొత్తగా పనిలోకి దిగేవాళ్లు ముందు బ్రష్ పట్టుకోవాలి, స్విచ్ బోర్డు జోలికి పోకూడదు. రంగు బాగా రాకపోతే ఆరేలోపే కంటికి తెలిసిపోతుంది, గీకి మళ్లీ వేసుకోవచ్చు. వైరు వదులుగా బిగిస్తే మాత్రం లైటు శుభ్రంగా వెలుగుతుంది, పని బాగా చేశామన్న తృప్తి కూడా మిగులుతుంది. ఆ వదులు జాయింటు కరెంటు పారినప్పుడల్లా కాస్త కాస్త వేడెక్కుతూ, ఎప్పుడో నెలల తర్వాత కాలిన వాసనతో బయటపడుతుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ పనిలో నేను తప్పు చేస్తే అది ఎప్పుడు తెలుస్తుంది? తెలిశాక సరిదిద్దుకోగలనా? నా దృష్టిలో సొంత పనికి హద్దు గీసేవి ఈ రెండే.

ప్లంబింగ్‌నే తీసుకోండి. ప్లంబింగ్ అంతా నిపుణుల పనే అనడం కుదరదు, అంతా మనమే చేసుకోవచ్చు అనడమూ కుదరదు. కారుతున్న కుళాయికి వాషర్ మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. వాల్వు కట్టేయాలి, కుళాయి విప్పాలి, అరిగిన వాషర్ తీసి అదే సైజుది పెట్టాలి. సరిగా కూర్చోకపోతే వాల్వు తిప్పిన మరుక్షణం చుక్క కనిపిస్తుంది. లాభం కూడా చిన్నది కాదు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి ఏడాదికి 11 వేల లీటర్లకు పైగా నీటిని వృథా చేస్తుందని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. అదే నీరు, అదే టెఫ్లాన్ టేపు, అదే పానా. కానీ బిగించే పైపు జాయింటు టైల్స్ వెనక్కి వెళ్లిందంటే కథ మారిపోతుంది. అక్కడ చెమర్చే నీరు నెలలపాటు గోడలో ఇంకుతూ, చివరికి పక్క గదిలోనో కింది అంతస్తు సీలింగ్ మీదో మరకై కనిపిస్తుంది. అప్పటికి టైల్స్ పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు. చేతికి కావాల్సిన నేర్పులో పెద్ద తేడా లేదు. తప్పు కనపడే చోటులోనే ఉంది తేడా అంతా.

ఈ విచక్షణ ఇదివరకు ఇంతగా అవసరం ఉండేది కాదు. గోడకు పలక బిగించాలంటే ఉలితో బెజ్జం చెక్కి, అందులో చెక్కముక్క దిగ్గొట్టి, దానికి స్క్రూ ఎక్కించాల్సి వచ్చే రోజుల్లో చేతకానివాళ్లు ఆ పని జోలికే వెళ్లేవాళ్లు కాదు. గత నూరేళ్లలో పనివాళ్ల చేతిలోని నేర్పు కొంచెం కొంచెంగా పనిముట్లలోకి, సామగ్రిలోకి చేరిపోయింది. పిస్టల్ పిడి, ట్రిగ్గర్ ఉన్న ఎలక్ట్రిక్ డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ 1917లో పేటెంట్ పొందింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లలో వాడుకునే డ్రిల్లులను విడిగా అమ్మడం మొదలుపెట్టింది. పెయింట్ రోలర్‌ను 1940లో టొరంటోకు చెందిన నార్మన్ బ్రేకీ కనిపెట్టాడు. యుద్ధం తర్వాత నీళ్లతో కడిగేసుకోగల ఎమల్షన్ రంగులు ఇళ్లలోకి వచ్చాయి. 1958లో ఆర్తుర్ ఫిషర్ నైలాన్ వాల్ ప్లగ్ తయారుచేశాడు. గోడ బెజ్జంలో దూర్చి స్క్రూ తిప్పితే లోపల విచ్చుకుని పట్టు బిగించే ఆ చిన్న ప్లగ్, నా లెక్కలో, వీటన్నిటిలోకీ పెద్ద మార్పు తెచ్చింది. చాలా ఇళ్లలో అల్మారాలు, అద్దాలు, కర్టెన్ రాడ్లు గోడను అంటిపెట్టుకుని ఉన్నది దాని చలవతోనే.

అయితే పనిముట్టులోకి చేరనిది ఒకటి మిగిలిపోయింది: ఇక్కడ జరిగింది ఏమిటో పసిగట్టడం. డ్రిల్లు ఎంత ఖరీదైనదైనా బెజ్జం వేయడమే దాని పని, వెనక పైపు ఉందో లేదో దానికి పట్టదు. గోడలోని వైర్లు సాధారణంగా స్విచ్‌కు, ప్లగ్ పాయింటుకు నిలువుగానో అడ్డంగానో వస్తాయి కాబట్టి వాటికి నేరుగా పైన, కింద, పక్కన బెజ్జం పెట్టకూడదని తెలిసినవాళ్లు ముందు గోడనంతా ఒకసారి కళ్లతో చూస్తారు. కుళాయి ఉన్న గోడ అయితే దానికి అటువైపు ఏముందో కూడా చూసి వస్తారు. ఇంటి పనులు నేర్పే వీడియోలు చెప్పనిది సరిగ్గా ఇదే. వాటిలో గోడ నిటారుగా ఉంటుంది, స్క్రూ తుప్పు పట్టి ఉండదు, రంగు ఆరడానికి పట్టిన రోజంతా కత్తెరలో ఎగిరిపోతుంది. పని ఎలా చేయాలో చక్కగా చూపిస్తాయి. మీ ఇంట్లో చేయాల్సింది ఆ పనేనా అన్నది మాత్రం వాటికి ఎలా తెలుస్తుంది?

చెమ్మ పట్టిన గోడ దీనికి మంచి ఉదాహరణ. పెయింట్ పొక్కులు కట్టి ఊడిపోతుంటే చాలామంది గీకి, పుట్టీ పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, రంగు వేసేస్తారు. పని నీటుగానే ఉంటుంది. కొన్ని నెలలకు పొక్కులు మళ్లీ లేస్తాయి. తప్పు పుట్టీదీ కాదు, రంగుదీ కాదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎవరూ అడగలేదు, అంతే. మరక నేల దగ్గర మొదలై ఇంచుమించు నడుము ఎత్తున ఆగి, అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటే తేమ భూమిలోంచి పైకి లాగుతోందని అనుమానించాలి. పైనుంచి కిందికి దిగుతుంటే పైకప్పును, పై అంతస్తు బాత్రూమ్‌ను చూడాలి. వానలు పడ్డాకే ముదురుతుంటే బయటి గోడ పగుళ్లను వెతకాలి. వానలతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా ఒకేలా ఉంటే పైపు మీదికి అనుమానం పోవాలి. తేలని చోట ఒక పాత పరీక్ష ఉంది. పలుచని ప్లాస్టిక్ కాగితం ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించి ఒకట్రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక, అంటే గోడవైపు నీటి బిందువులు పడితే తేమ గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గదిలోని ఆవిరే చల్లటి గోడమీద నీరవుతోంది, అప్పుడు కావాల్సింది గాలి వెలుతురు. దీనికి ఖర్చు లేదు, నైపుణ్యమూ అక్కర్లేదు. ఆగి చూడాలన్న బుద్ధి పుట్టాలి, అంతే.

పగుళ్లదీ అదే వరస. వెంట్రుకవాసి పగులును పూడ్చి రంగు వేసుకోవచ్చు. కాస్త పెద్దదైతే దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి కొన్ని నెలలు గమనించాలి. గీత దాటిందంటే ఇల్లు ఇంకా కదులుతోందన్నమాట. 5 మిల్లీమీటర్లు దాటిన పగులు, ద్వారబంధం మూలనుంచి ఏటవాలుగా సాగే పగులు, తలుపులు ఉన్నట్టుండి పట్టేయడం, ఇవన్నీ ఇంజినీరును పిలవాల్సిన సంకేతాలు. వీటికి పుట్టీ పూయడమంటే జబ్బును కప్పిపెట్టడమే.

ఇక మనుషుల సంగతి. మన చేతిపనికి మనమే నిష్పాక్షికంగా మార్కులు వేసుకోలేం. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన పరిశోధనలో, సొంతంగా బిగించిన పెట్టెలకు, మడిచిన కాగితం బొమ్మలకు జనం బయటివాళ్లకంటే ఎక్కువ విలువ కట్టారు. కొత్తవాళ్లు మడిచిన సొట్టల బొమ్మలు కూడా వాళ్ల కళ్లకు నిపుణుల పనితో సమానంగా కనిపించాయి. పని పూర్తికానప్పుడు మాత్రం ఈ మురిపెం మాయమైంది. దీన్ని మార్కెటింగ్ పాఠంగానే ఎక్కువమంది చెబుతుంటారు గానీ, ఇంటి మరమ్మతుల్లో దీని అర్థం ఇంకాస్త గంభీరం. అల్మారా కాస్త వంకరగా ఉన్నా ముద్దుగా కనిపిస్తే నష్టమేం లేదు. జాయింటు మీద అదే కన్ను పడితేనే ప్రమాదం. తప్పు దాగే పనిలో, చేసిన మనిషే తనిఖీ కూడా చేస్తే ఆ తనిఖీకి విలువ లేదు.

సమయం విషయంలోనూ ఇంతే. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ చేసిన అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో ముగుస్తుందనుకున్నారు, నిజానికి 55 రోజులు దాటింది. వాళ్లు సోమరులేమీ కాదు, ముందుచూపు వేసే అంచనాల తీరే అంత. ఇంటి పనికి దీన్ని అన్వయిస్తే ఒక్క సలహా చాలు: ఇంట్లో ఉన్న ఒకే ఒక బాత్రూమ్‌ను శనివారం పొద్దున విప్పకండి. ఆరబెట్టే సమయాన్ని కుదించడం కూడా ఈ తొందరలోనే జరుగుతుంది. సిలికాన్ సీలెంట్ పూర్తిగా గట్టిపడటానికి సాధారణంగా ఒక రోజు పడుతుంది. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ మీద రంగు వేయడానికి వారాలు ఆగాలి, లేకపోతే లోపలి తేమ, క్షారం కలిసి రంగును తినేస్తాయి. పనివాళ్లకు తెలిసిన రహస్యాల్లో సగం ఇలా ఎప్పుడు ఆగాలన్నవే.

ప్రాణాల మీదికి తెచ్చేవి కూడా ఎక్కువగా దాగివుండే రకమే. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు. అమెరికా ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించింది, చాలా దేశాలు ఇంకా ఆలస్యంగా మేలుకున్నాయి. అలాంటి రంగును పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదని చెప్పదగ్గ మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చెక్కకు లిన్సీడ్ ఆయిల్ రుద్దిన గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేస్తే, ఆ నూనె గాలితో చర్య జరిపి వేడెక్కి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. వాటిని విప్పి విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్లున్న ఇనప డబ్బాలో వేసి మూత పెట్టాలి.

కరెంటు దగ్గర ధైర్యం చెప్పే పరికరాలు కూడా సగం నిజమే చెబుతాయి. ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువగా పారితే తానే పడిపోయే స్విచ్, వైర్లను కాపాడటానికి పెట్టింది, మనిషిని కాపాడటానికి కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే లీకేజీ స్విచ్ మన ఒంట్లోంచి భూమిలోకి కరెంటు లీకైతే ఆపేస్తుంది. కానీ ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ ముట్టుకుంటే, ఆ మనిషి దానికి ఇంకో బల్బు లాంటివాడే, అది కరెంటు ఆపదు. టెస్టర్ వెలగలేదు కదా అని చేయి పెట్టేవాళ్లూ ఉన్నారు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట టెస్టర్‌ను పరీక్షించి, తర్వాత పని చేసే చోట చూసి, మళ్లీ మొదటి చోట చూస్తే గానీ ఆ "లేదు" అన్న మాటను నమ్మకూడదు.

ఇంకో మాట. సొంత పనిలో డ్రిల్లు పట్టే చేయి ఒకరిది, ఆ తర్వాత దుమ్ము తుడిచే చేయి ఇంకొకరిది కావడం చాలా ఇళ్లలో చూస్తాం. ఏ చేయి ఎవరిదో చెప్పనక్కర్లేదు. సర్ది, ఊడ్చి, పనిముట్లు కడిగి పెట్టేదాకా పని పూర్తి కాలేదనుకుంటే "నేనే చేసేశాను" అనే వాళ్ల సంఖ్య కాస్త తగ్గుతుంది.

మరి దాగే పనులన్నిటినీ మానేయాలా? ఇక్కడ ప్రభుత్వాలకే ఒక మాట లేదు. ఆస్ట్రేలియాలో లైసెన్స్ లేనివాళ్లు ఇంటి వైరింగ్ చేయడం నేరం. పక్కనే ఉన్న న్యూజిలాండ్‌లో ఇంటి యజమాని తన ఇంట్లో కొన్ని పనులు తానే చేసుకోవచ్చు. కొత్తగా వైర్లు లాగితే మాత్రం ఇన్‌స్పెక్టర్ పరీక్షించాకే కరెంటు కలపాలి. నేను న్యూజిలాండ్ పద్ధతి వైపు మొగ్గుతాను. చేయొద్దంటే జనం మానేయరు, చాటుగా చేస్తారు. చాటుగా చేసిన పనిని ఎవరికీ చూపించరు. చేసుకోండి, కానీ మూసేముందు చూపించండి అనడమే దాగే తప్పును కాసేపైనా వెలుతురులో నిలబెట్టే మార్గం.

ఈ పద్ధతిని చట్టం చెప్పకపోయినా మన ఇంట్లో మనం అమలు చేసుకోవచ్చు. బాత్రూమ్ నేలకు వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ పరచకముందే నీళ్లు పోయే కన్నం మూసి నీళ్లు నింపి కనీసం ఒక రోజు నిలబెట్టి, కింది సీలింగ్ చూడాలి. లోపలి వైర్లు, పైపులు ఎక్కడున్నాయో తర్వాత తెలిసేలా ప్లాస్టరింగ్ కంటే ముందు ప్రతి గోడనూ టేపు కొలత పక్కన పెట్టి ఫోటో తీయాలి. గోడలోని పైపులను మూసేముందు ఒత్తిడి పెట్టి పరీక్షించాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఇంకొకరు చేసిన పనిని చూసి సరే అనడానికి చాలామంది ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు ఒప్పుకోరు. రేపు ఏదైనా అయితే మాట పడాల్సింది తామేనని వాళ్ల భయం, అందులో అన్యాయమేమీ లేదు. అందుకే పని సగం అయ్యాక కాకుండా మొదలుపెట్టకముందే వాళ్లను కలవాలి. ఏ దశలో ఏది తెరిచి ఉంచితే వచ్చి చూస్తారో, దానికి ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. ఒప్పుకునేవాళ్లు దొరకకపోతే ఆ భాగం పని వాళ్లకే వదిలేసి, గోకడం, రుద్దడం, ప్రైమర్, రంగు మన వంతుగా ఉంచుకోవచ్చు.