శ్రీ పంచవర్ష వ్యూహపత్రం గారికి ఒక మారథానర్ విన్నపం

శ్రీయుత పంచవర్ష వ్యూహపత్రం గారి సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మన కంపెనీ వ్యూహంగా తమరు వెలువడి రెండేళ్లు కావస్తున్నా అట్ట మీద మెరుపు తగ్గలేదు, లోపలి అంకెల్లో ఒక్కటీ మారలేదు. తమరు ఊహించిన మార్కెట్ మాత్రం ఈలోగా రూపురేఖలు మార్చుకుంది. కొనుగోలుదారులు వేరే దారి పట్టారు. తమరు 61వ పేజీలో ‘సుదూర అవకాశం’గా వర్ణించిన సరుకును పోటీదారులు ఇప్పటికే అమ్మి, దాని రెండో రకాన్ని కూడా విడుదల చేశారు. ఇంత జరిగినా చలించని తమ స్థితప్రజ్ఞతకు చేతులు జోడించడం తప్ప మాబోటి వాళ్లం చేయగలిగింది లేదు.

తమ అట్ట మీద ఉదయసూర్యుడికి ఎదురుగా పరుగెత్తుతున్న ఒక మారథానర్ బొమ్మ ఉంది. వ్యాపారం మారథాన్ వంటిదనీ, ఓర్పు ముఖ్యమనీ ముందుమాట చెబుతుంది. తీరిక వేళల్లో దూరపు పరుగులు తీసే అలవాటున్నవాడిని గనక, ఆ బొమ్మలోని వ్యక్తి పక్షాన నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను. తమ లోపలి పేజీలను ముందుగా చదివి వినిపించి ఉంటే ఆ వ్యక్తి ఫోటోకు ఒప్పుకునేవారు కారని నా గట్టి అనుమానం.

మారథాన్‌లో మారనిది ఒక్కటే, 42.195 కిలోమీటర్ల దూరం. మిగిలినవన్నీ, అంటే వేగం, అంగ పొడవు, నీళ్లు తాగే వేళ, చివరికి గెలుపు అంటే ఏమిటన్న లెక్క కూడా, ఆనాటి గాలినీ వాననూ ఎండనూ బట్టి మారతాయి. 2018 బోస్టన్ మారథాన్ నాడు గడ్డకట్టే చలి, కుండపోత వాన, ఎదురుగాలి. అంతకుముందు ఏడాది 2 గంటల 9 నిమిషాల 37 సెకన్లలో గెలిచిన జెఫ్రీ కిరూయి ఆ రోజు కూడా అందరినీ వదిలి చాలా ముందుకు వెళ్లిపోయాడు. చివరి దశలో అతన్ని దాటి గెలిచిన యూకీ కవాయుచి, ఒక పాఠశాలలో పూర్తికాలపు గుమాస్తా ఉద్యోగం చేసుకునే జపనీయుడు, తీసుకున్న సమయం 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లు. తమ 47వ పేజీలోని మూల్యాంకన పట్టిక ప్రకారం చూస్తే ఇది నిరుటి కంటే ఆరు నిమిషాలకు పైగా వెనకబాటు. కవాయుచి గారికి సంజాయిషీ నోటీసు వెళ్లాలి. బోస్టన్ నిర్వాహకులకు తమ పట్టిక అందుబాటులో లేకపోవడం వల్ల కాబోలు, ఆయనకు విజేత కిరీటం పెట్టారు.

అదే రోజు మహిళల పందెంలో డెజిరీ లిండెన్ మొదట్లోనే విరమించుకుందామనుకుంది. సరే, తాను ఎలాగూ నిలిచేలా లేనని, మధ్యలో ఆగవలసి వచ్చిన తోటి అమెరికన్ షలేన్ ఫ్లానగన్ కోసం వేగం తగ్గించి, ఆమె తిరిగి గుంపును కలుసుకునేందుకు తోడ్పడింది. తీరా పందెం గెలిచింది లిండెనే. పక్క విభాగానికి సాయపడిన గంటలను ‘ఉత్పాదకేతర సమయం’ పద్దులో రాయమని ఆదేశించే తమకు ఈ ఉదంతం రుచించకపోవచ్చు.

ఇక ఓర్పు సంగతి. తమరు ఈ మాటను ఉద్యోగుల వైపే తిప్పి వాడతారు. మొదటి త్రైమాసికంలోనే పెట్టుబడిలో సింహభాగం ఖర్చు పెట్టించి, తర్వాత చేతిలో చిల్లిగవ్వ లేక మేము నిట్టూర్చినప్పుడు, ఇది మారథాన్ కదా అని గుర్తు చేస్తారు. పరుగు తెలిసినవాళ్లు మాత్రం మొదట్లో కాళ్లలో ఎంత హుషారున్నా పగ్గాలు బిగించే ఉంచుతారు. ఒంట్లో నిలువ ఉన్న గ్లైకోజెన్ అనే ఇంధనం చాలామందికి 30 కిలోమీటర్ల దరిదాపుల్లో అడుగంటుతుందనీ, ఆరంభంలో దుబారా చేస్తే ఆ స్థితి ఇంకా ముందే వస్తుందనీ వాళ్లకు తెలుసు. కండరం బలపడేది శ్రమ తర్వాతి విశ్రాంతిలోనని కూడా తెలుసు గనకే పందేనికి రెండు మూడు వారాల ముందు సాధన తగ్గిస్తారు. తమరేమో ఒక పునర్వ్యవస్థీకరణ దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది ప్రకటించి, దానికి ‘నిరంతర పరివర్తన’ అని పేరు పెట్టారు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనవాళ్లు అంటారు. తమ హయాంలో పాల మాట దేవుడెరుగు, నీళ్లకే కరువొచ్చింది. శిక్షణ నిధి, అత్యవసర నిధి రెండూ పొదుపు పేరిట కోతకు గురయ్యాయి. ఈ ప్రయోగం కొత్తదేమీ కాదు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో, మండుటెండలో, దాహం మనిషిని ఏం చేస్తుందో పరీక్షించాలన్న ముచ్చటతో నిర్వాహకుడు జేమ్స్ సల్లివన్ దారిలో నీటి వసతిని దాదాపు లేకుండా చేశాడు. 32 మంది బయలుదేరితే 14 మంది చేరారు. అందరికంటే ముందు స్టేడియంలో అడుగుపెట్టిన ఫ్రెడ్ లోర్జ్ దారిలో కొంత భాగం కారెక్కి వచ్చినవాడు. తమ ప్రగతి నివేదికలు రాసేవారికి ఆయన ఆరాధ్యుడై ఉండాలి.

మార్పు కనబడగానే ఉన్నదంతా అమ్మి కొత్తది మొదలుపెట్టమని నేను కోరడం లేదు. అలాంటి సలహాలకు వేరే సలహాదారులు ఉన్నారు, వారి రుసుము తమ అనుబంధంలోనే ఉంది. దారిలో ఎత్తు ఎదురైనప్పుడు రన్నర్ కాళ్లు మార్చుకోడు, అంగ తగ్గించుకుంటాడు. 1975లోనే తన ఇంజనీరు స్టీవెన్ సాసన్ డిజిటల్ కెమెరా తయారు చేసి చూపించినా, ఫిల్మ్ లాభాల మీద పాత వేగంతోనే సాగిన కోడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ఫ్యూజీఫిల్మ్‌కూ ఎదురైంది అదే ఎత్తు. అది ఫిల్మ్ తయారీలో కొలాజెన్ అనే ప్రోటీన్ గురించి నేర్చిన విద్యనే చర్మ సంరక్షణ ఉత్పత్తులకు మళ్లించి నిలబడింది.

కాబట్టి తమకు నా విన్నపం చిన్నది. టోక్యో ఒలింపిక్స్ మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి సప్పోరోకు తరలించడమే గాక, అక్కడా వేడి తగ్గలేదని, పందెం ముందటి సాయంత్రం ఆరంభ వేళను గంట ముందుకు జరిపారు. తమలో ఒక అంకె మార్చడానికి మూడు సంఘాల ఆమోదం కావాలి, ఆ సంఘాలు అర్ధసంవత్సరానికొకసారి కూర్చుంటాయి. ఆ అధికారాన్ని ప్రతి నెలా లెక్కలు చూసే విభాగాధిపతులకు ఇప్పించండి. అలాగే 112వ పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ‘పరిస్థితులు యథాతథంగా ఉంటాయన్న భావనపై’ అనే వాక్యాన్ని, వచ్చే ముద్రణలో ప్రతి లక్ష్యం పక్కనా, ఆ లక్ష్యాన్ని అచ్చువేసిన సైజు అక్షరాల్లోనే వేయించ ప్రార్థన.

ఇట్లు,
తమ 47వ పేజీ పట్టికలో ఎర్ర రంగు గడిలో ఉన్న
ఒక విభాగాధిపతి