రేవు కంచె నీళ్ళలో ఎక్కడ మొదలవుతుంది?

ఒడిశాలో బరంపురం నుంచి ఛత్రపురం వైపు జాతీయ రహదారి మీద పోతుంటే కుడిచేతి వైపు సముద్రం పక్కనే గోపాల్‌పూర్ పోర్టు. ఏ పోర్టులోనైనా నేల మీద భద్రత ఎలా ఉంటుందో లారీ డ్రైవర్లకు బాగా తెలుసు. పాసు, లైసెన్సు, క్లీనరు పేరు, లోపలికెళ్ళిన టైము. గోడ ఎక్కడుందో చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు. నీళ్ళలోకి వెళ్ళాక ఆ గోడ కనబడదు. పోర్టును ఆనుకునే ఆర్జ్యపల్లి లాంటి మత్స్యకార గ్రామాలున్నాయి. అక్కడివాళ్ళు ఒడియావాళ్ళ నోట ‘నోలియాలు’, ఇంట్లో మాట్లాడేది మాత్రం మన తెలుగే. ఆ పక్క ఊళ్ళలో ఒక పెద్దాయన్ని అడిగితే ఆయనన్న మాట ఇది: “ఇటు రావొద్దంతారు గానీ, ఎక్కడిదాకా రావొచ్చో సెప్పరు బాబూ.”

ఓడల భద్రత, రేవుల భద్రత చట్టాల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. చట్టంలో పెద్ద లోపం ఉన్న చోట కూడా అదే.

ఓడల, రేవుల భద్రతకు ఇప్పుడు ప్రపంచమంతా పాటించే నియమావళి పేరు ఐఎస్‌పీఎస్ కోడ్. ఓడల్లో ప్రాణభద్రత గురించిన సోలాస్ ఒప్పందంలో చేర్చిన ఒక కొత్త అధ్యాయంతో పాటు 2002 డిసెంబరులో లండన్‌లో ఆమోదించారు, 2004 జులై 1 నుంచి అమలు చేశారు. ఒక అంతర్జాతీయ ఒప్పందానికి ఇది చాలా తక్కువ వ్యవధి. 2001 సెప్టెంబరులో అమెరికా మీద జరిగిన దాడుల తర్వాత పుట్టిన తొందర అది. ప్రతి ఓడలో ఒక భద్రతాధికారి, కంపెనీలో ఒకరు, రేవులో ఒకరు ఉండాలి. ప్రతి ఓడకూ, ప్రతి రేవుకూ ప్రమాదాలు అంచనా వేసి రాసుకున్న ప్రణాళిక ఉండాలి. భద్రతకు మూడు స్థాయిలు. మామూలు రోజుల్లో ఒకటి, ముప్పు పెరిగితే రెండు, దాడి తప్పదనిపిస్తే మూడు. ఆపదలో దొంగలకు తెలియకుండా ఒడ్డుకు సంకేతం పంపే మీట కూడా ఓడలో ఉండాలి.

ఇవన్నీ ఎవరికి? అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలకు, 500 గ్రాస్ టన్నులు, అంతకు మించిన సరుకు ఓడలకు, వాటిని నిలిపే రేవులకు. చేపల పడవలకు కాదు.

తమాషా ఏమిటంటే, సముద్రం మీంచి వచ్చిన దాడుల్లో మనల్ని బాగా భయపెట్టినవి చిన్న పడవలే. 2000 అక్టోబరులో ఏడెన్ రేవులో అమెరికా యుద్ధనౌక ‘కోల్’ను ఢీకొట్టింది పేలుడు పదార్థాలు నింపిన చిన్న బోటు. 17 మంది నావికులు పోయారు. 2002 అక్టోబరులో, అంటే కోడ్ ఆమోదం పొందడానికి రెండు నెలల ముందు, యెమెన్ తీరంలో ‘లింబర్గ్’ అనే ఫ్రెంచి చమురు ఓడను పేల్చిందీ అలాంటి బోటే. 2008 నవంబరులో ముంబయికి చావును మోసుకొచ్చింది ‘కుబేర్’, పోర్‌బందర్‌కు చెందిన చేపల బోటు. అంటే, భయం చిన్న పడవ నుంచి, నియమాలు పెద్ద ఓడకు. 2008 డిసెంబరులో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ చిన్న పడవల భద్రత గురించి మార్గదర్శకాలు విడుదల చేసింది గానీ, అవి తప్పనిసరి కావు. ఎవరి దేశంలో వాళ్ళు చూసుకోండి అని వదిలేసినట్టే.

మన దేశం చూసుకున్న తీరు ఏమిటి? పెద్ద ఓడల వైపు 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టానికి 2004లో ఓడల, రేవుల భద్రతపై ఒక భాగం చేర్చారు. చిన్న పడవల వైపు ముంబయి దాడి తర్వాత కార్డులు, రంగులు, రిజిస్ట్రేషన్ నంబర్లు వచ్చాయి. రాష్ట్రానికో రంగు, మత్స్యకారుడికో బయోమెట్రిక్ కార్డు, 20 మీటర్లు దాటిన బోటుకు ఉనికి తెలిపే పరికరం. తీరం దగ్గర మెరైన్ పోలీసులు, ఆ పైన ప్రాదేశిక జలాల్లో కోస్ట్‌గార్డ్, అన్నిటి మీదా నౌకాదళం. వీటిలో అనవసరమైనవి ఉన్నాయని నేననను. కుబేర్ మీద ఉన్నవాళ్ళు కూడా వేటకెళ్ళిన కూలీలే. బోటు నడిపే సరంగుతో సహా వాళ్ళందర్నీ ఉగ్రవాదులు చంపేశారు. కార్డూ రంగూ ముందుగా కాపాడాల్సింది వాళ్ళనే.

కాకపోతే ఆ రాత్రి ఒడ్డున జరిగిన సంగతి మనం తొందరగా మరిచిపోయాం. దక్షిణ ముంబయిలో రబ్బరు పడవ దిగిన పదిమందినీ ముందు చూసింది, ఎవరు మీరు అని అడిగింది అక్కడి జాలరి బస్తీ వాళ్ళు. రాడార్ కాదు, గేటు కాదు. పరాయి పడవను, పరాయి నడకను పసిగట్టే కన్ను తీరం మీద బతికేవాడికే ఉంటుంది. చట్టం ఆ కంటిని సాక్షిగా కాకుండా అనుమానితుడిగా చూడ్డం మొదలుపెడితే నష్టం ఎవరికి?

గంజాం తీరంలో తెలుగు మత్స్యకారుడి ఏడాదిని ఒకసారి లెక్కేద్దాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం, 61 రోజులు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్ళ కోసం 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టే చోటు అది, ఆ నిషేధాన్ని నేను కాదనను. గోపాల్‌పూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, కాల్పుల అభ్యాసం ఉన్న రోజుల్లో అటు పోకూడదు. ఇక పోర్టు హద్దు, లంగరు వేసిన ఓడల చుట్టూ దూరం. ఇంత సముద్రంలో, ఇన్ని గీతల మధ్య, ఒక్కో గీతనూ ఒక్కో శాఖ గీసింది. అటవీశాఖ, మత్స్యశాఖ, సైన్యం, పోర్టు, మెరైన్ పోలీసు, కస్టమ్స్. గీతలన్నీ ఒకే కాగితం మీద చూపించే పని ఎవరిదీ కాదు.

రేవు భద్రతా ప్రణాళిక రహస్యంగా ఉంచాలి, అది సరైనదే. ఏ కెమెరా ఎక్కడుందో, కాపలా ఎప్పుడు మారుతుందో ఊరంతా తెలిస్తే ఇక భద్రత ఏముంది. హద్దు సంగతి వేరు. నిషిద్ధ ప్రాంతాలను స్పష్టమైన గుర్తులతో చూపాలని కోడ్‌లోని మార్గదర్శక భాగమే చెబుతోంది. నేల మీద ఆ మాటను అందరూ పాటిస్తారు, బోర్డులు పెడతారు. నీళ్ళలోకి వచ్చేసరికి రహస్యం, హద్దు రెండూ కలిసిపోతాయి. ప్రణాళిక చూపించక్కర్లేదు, హద్దు చూపే తేలే గుర్తు, అదే బోయా, ఎక్కడుందో చెప్పండి చాలు అనే మాట అడగడానికి ఈ పల్లెలవాళ్ళకు వేదిక లేదు.

ఇక్కడే రాష్ట్ర సరిహద్దు కూడా అడ్డొస్తుంది. ఒడిశాది 1982 నాటి మత్స్య నియంత్రణ చట్టం, ఆంధ్రది 1994 నాటిది. ఇచ్ఛాపురం పక్కనుంచి పారే బాహుదా నది సోనాపూర్ దగ్గర ఒడిశాలో సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు పెళ్ళి సంబంధాలు ఇచ్చిపుచ్చుకునే వాళ్ళే. బావ కార్డు ఒక ప్రభుత్వానిది, బావమరిది కార్డు ఇంకో ప్రభుత్వానిది. తనిఖీకి వచ్చిన మనిషి ఒడియాలో అడిగితే కొంత అర్థమవుతుంది, హిందీలో అడిగితే ఇంకొంత, ఇంగ్లిష్ ఫారం చేతికిస్తే ఏమీ అర్థం కాదు. సముద్రం మీద జవాబు ఆలస్యమైతే అనుమానం పెరుగుతుంది. భాష రాకపోవడం తప్పుచేసిన లక్షణంలా కనబడుతుంది. ఇది చట్టం రాసినవాళ్ళ దురుద్దేశం కాదు. పడవ మీద నిలబడి చదివితే ఎలా ఉంటుందో వాళ్ళు ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

ఈ తీరం ఎప్పుడూ ఇలా లేదని ముసలివాళ్ళు చెప్పుకుంటారు. గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కు స్టీమర్లు పోయిన రోజుల్లో ఈ ప్రాంతం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి కూలీలు మూటలతో ఓడెక్కేవారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే, అంటే రంగూన్ పరదేశం కాదు. సరిగ్గా దానికి ఏడాది ముందు, 1936 ఏప్రిల్ 1న, మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురం ఒడిశాలోకి వచ్చింది. సముద్రం అవతల ఒకటి, ఇవతల ఒకటి, ఏడాది తేడాలో రెండు గీతలు. తర్వాత రేవు చాలాకాలం నిద్రపోయింది. 1987లో మంచి వాతావరణంలో మాత్రమే పనిచేసే చిన్న రేవుగా మళ్ళీ లేచింది. ఆ తర్వాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను సరిగ్గా ఇక్కడే తీరం దాటి పోర్టును చితక్కొట్టింది. 2024లో అదానీ పోర్ట్స్ 95 శాతం వాటా కొన్నది. ఏడాదికి 2 కోట్ల టన్నుల సామర్థ్యం ఉన్న రేవు ఇప్పుడు.

ప్రైవేటు అనే మాట భద్రత చర్చలో చిన్నది కాదు. పారాదీప్ కేంద్రం కింద ఉన్న మేజర్ పోర్టు, అక్కడ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) కాపలా. గోపాల్‌పూర్ లాంటివి రాష్ట్రాల కింద ఉండే రేవులు. ఒకే ఒడిశాలో, ఒకే సముద్రం మీద రెండు ఏర్పాట్లు. శ్రీకాకుళం జిల్లాలో 2023లో శంకుస్థాపన చేసిన మూలపేట పోర్టు పూర్తయితే అది ఇంకో రాష్ట్రం కింది మూడో ఏర్పాటు.

దీన్ని సరిచేసే ప్రయత్నం 2025లో గట్టిగానే జరిగింది. ఆగస్టులో పార్లమెంటు 1908 నాటి రేవుల చట్టం స్థానంలో కొత్త ఇండియన్ పోర్ట్స్ చట్టాన్ని, 1958 నాటి దాని స్థానంలో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని ఆమోదించింది. రేవుల భద్రతా అంచనాలు, ప్రణాళికల పని సీఐఎస్‌ఎఫ్‌కు అప్పగించారు. డిసెంబరులో విమానాశ్రయాల భద్రతా సంస్థ తరహాలో రేవులకూ ఒక బ్యూరో పెడుతున్నట్టు కేంద్రం ప్రకటించింది. నేను దీన్ని స్వాగతిస్తాను. మేజర్ పోర్టుకు ఒక ప్రమాణం, పక్క రేవుకు ఇంకోటి అనే పద్ధతి ఎప్పుడో పోవాల్సింది. నా భయం వేరు. విమానాశ్రయం నమూనా రేవుకు పూర్తిగా కుదరదు. రన్‌వే మీద ఎవరూ వల వేయరు. విమానాశ్రయం గోడ కడితే నాలుగు వైపులా కడతారు, రేవుకు ఒక వైపు ఎప్పటికీ నీళ్ళే.

పైగా ఇన్నాళ్ళూ పెద్ద దొంగసరుకు వచ్చిన దారి ఏది? 2021 సెప్టెంబరులో ముంద్రా రేవులో దాదాపు 3 టన్నుల హెరాయిన్ దొరికింది. అది టాల్క్ అనే పేరుతో, కంటైనర్లో, కాగితాలతో దర్జాగా వచ్చింది. దిగుమతి సంస్థ చిరునామా మన విజయవాడ. 2023లో పారాదీప్‌లో కొకైన్ ప్యాకెట్లు 22 దొరికింది ఒక సరుకు ఓడ క్రేన్‌లో. ఇవేవీ తెప్ప మీద రాలేదు, ఋషికుల్య దగ్గర వల లాగే బోటులోనూ రాలేదు. కోడ్ పాటించాల్సిన ఓడల్లో, కోడ్ పాటించాల్సిన రేవుల గుండా వచ్చాయి. నిఘా ఖర్చులో ఎంత కంటైనర్ తనిఖీకి పోవాలి, ఎంత చిన్న పడవల వెంట తిరగడానికి పోవాలి అన్న ప్రశ్నను ఈ రెండు కేసుల ముందు పెట్టి చూడాలి.

ఇదే చట్టం ఇంకో రకంగానూ మన ఇళ్ళలోకి వచ్చింది. ఇచ్ఛాపురం, సోంపేట, బరంపురం కుర్రాళ్ళు ఎంతోమంది ఓడల మీద ఉద్యోగాలకు పోతున్నారు. సీడీసీ అనే నావికుల పుస్తకం, ఇండోస్ అనే నావికుల నంబరుతో పాటు భద్రతా శిక్షణ సర్టిఫికెట్ లేకపోతే ఓడెక్కనివ్వరు. 2019 నుంచి ముఖాన్ని గుర్తుపట్టే బయోమెట్రిక్ గుర్తింపు పత్రం కూడా వచ్చింది. మా చుట్టాలబ్బాయి ఒకడు తొమ్మిది నెలల కాంట్రాక్టులో ఒక్కసారి కూడా ఒడ్డు మీద కాలు పెట్టలేదు. ఓడ రేవుల్లో ఆగింది, గేటు దాటనివ్వలేదు. నావికులను ఒడ్డుకు దిగనివ్వాల్సిన అవసరాన్ని ఐఎస్‌పీఎస్ కోడ్ పీఠికే గుర్తుచేస్తుంది. అయినా భద్రత పేరు చెబితే ముందు ఆగిపోయేది అదే. గోపాల్‌పూర్ గోడ బయట ఆగిపోయిన వాడికీ, ఎక్కడో పరాయి గోడ లోపల ఆగిపోయిన వాడికీ అడ్డుపడ్డది ఒకటే కోడ్. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు కావచ్చు, ఒకే ఇంటివాళ్ళు కూడా కావచ్చు.

ఏం చేయొచ్చు అంటే కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. పోర్టు హద్దు, లంగరు ప్రాంతం, కాల్పుల ప్రాంతం, తాబేళ్ళ ప్రాంతం నాలుగూ ఒకే పటం మీద వేసి, ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు వేసి వేలంపాకల దగ్గర అతికించొచ్చు. భద్రతా స్థాయి ఒకటి నుంచి రెండుకు మారిన రోజు ఊళ్ళో మైకులో చెప్పొచ్చు. తుపాను వస్తుందంటే చెబుతున్నారుగా, ఆ మైకే ఇదీ చెబుతుంది. కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోను చేస్తే తెలుగులో జవాబు చెప్పే మనిషి ఒక్కరుండాలి. తీర భద్రతను పరీక్షించే ‘సాగర్ కవచ్’ విన్యాసాల్లో మత్స్యకారులను పరాయి పడవ పట్టుకునే ఆటకే కాకుండా, తర్వాత లోటుపాట్లు మాట్లాడే కూటానికి కూడా పిలవాలి.

కొత్త చట్టాల కింద రావాల్సిన నియమాల ముసాయిదాలు గెజిట్‌లో హిందీలో, ఇంగ్లిష్‌లో వస్తాయి, అభ్యంతరాలకు ఇన్ని రోజులని గడువు పెడతారు. ఆర్జ్యపల్లి నుంచి ఒక ఉత్తరం వెళ్ళాలంటే ఎవరైనా ఆ ముసాయిదాను ముందు తెలుగులో చదివి వినిపించాలి, తర్వాత వాళ్ళు చెప్పింది ఇంగ్లిష్‌లో రాసివ్వాలి. బరంపురంలో తెలుగు సంఘాలకు, వకీళ్ళకు కొదవ లేదు. ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టే హాలు మామూలు రోజుల్లో ఖాళీగానే ఉంటుంది.