నాలుగు సెకన్ల దొరగారికి

నిన్న రాత్రి 8 గంటల 59 నిమిషాల 56 సెకన్లకు నా రూపాయి పోయింది. మామూలు రూపాయి కాదు, నారాయణపేట రూపాయి. ఒక ఆన్‌లైన్ వేలంలో ఐదు రోజులుగా పాట నాదే. 2,400 దగ్గర నా పేరు మీద నిలబడి ఉంది. పోటీకి ఒక్క పురుగు రాలేదు. ఆఖరి నాలుగు సెకన్లలో ఎవడో దొర దిగి 2,450 అన్నాడు. నేను వేలు కదిపేలోపే 'వేలం ముగిసింది' అని వచ్చింది. యాభై రూపాయలు! మెట్టుగడ్డ దగ్గర మిర్చి బజ్జీలకు అంతకన్నా ఎక్కువే తగలేస్తాను.

తెలియనివాళ్లకు చెబుతున్నా, నారాయణపేట అంటే చీరలొక్కటే కాదు. నిజాం కాలంలో అక్కడ టంకశాల ఉండేది. నాణెం మీద ఊరి పేరు పార్సీలో 'దిల్షాదాబాద్' అని ఉంటుంది. జిల్లా అయింది 2019లో గానీ, ఆ ఊరికి సొంత రూపాయి ఎప్పుడో ఉంది. పాలమూరులో పుట్టి, ఇరవై ఏళ్లుగా నాణేలు పోగేస్తూ, నా ఆల్బమ్‌లో అదొక్కటే లేదు.

మా నాణేల గ్రూపులో ఏడిస్తే ఒక తమ్ముడు పాఠం మొదలుపెట్టాడు. "అన్నా, దాన్ని స్నైపింగ్ అంటరు, అందరు చేస్తరు. నీ మాక్సిమం ముందే కొట్టి పెట్టాలె. 4,000 కొడితే సిస్టమే నీ తరఫున జర జర పెంచుకుంటా పోతది. అవతలోడు ఆగినకాడికి ఒక్క మెట్టు పైన ఆగుతది." తెలుసు నాయనా. నా జేబులో ఎంతుందో ముందే చెప్పి కూర్చోవాలా? అమ్మేవాడి బామ్మర్ది ఇంకో పేరుతో వచ్చి 3,950 దాకా ఎక్కించడని ఎవడు రాసిస్తాడు? పెబ్బేరు సంతలో ఎడ్ల బేరానికి పోయినోడు జేబు తిరగేసి చూపిస్తాడా? తువ్వాల కింద వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు.

అసలు పాటంటే బాలాపూర్ లడ్డూ పాట. 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షలు దాటింది. లక్షల మీద లక్షలు పోతున్నా ఒకటోసారి, రెండోసారి అని ఆగుతారు చూడండి, మర్యాదంతా అక్కడే ఉంది. ఎదుటోడు ఊపిరి తీసుకోవాలి, పెళ్లాం మొహం చూసుకోవాలి, అప్పుడు తగ్గాలో పెంచాలో తేల్చుకోవాలి. ఆన్‌లైన్‌లో అది కుదరదా అంటే, ఎందుకు కుదరదు? అమెజాన్ పాత వేలాల్లో చివర్లో ఎవరైనా పాడితే ఇంకో పది నిమిషాలు ఆగేవారు. ఈబేలో గడియారం కొడితే అంతే సంగతులు. ఈ రెంటినీ పోల్చి ఇద్దరు ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లు పేపర్ కూడా రాశారు. వాళ్లలో ఒకాయనకు 2012లో నోబెల్ వచ్చింది. దీనికి కాదు లెండి. దీనికే ఇవ్వాల్సింది.

ఇంకా మండేదేంటంటే, ఆ దొర మేలుకుని ఉన్నాడన్న నమ్మకం కూడా లేదు. ఇంత దాకా పాడమని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి గుర్రు పెట్టి పడుకునేవాళ్లున్నారు. నేనేమో అన్నం పళ్లెం పక్కన ఫోన్ పెట్టుకుని, చార్జింగ్ 11 శాతం ఉందని టెన్షన్ పడుతూ, చారు కూడా పోసుకోకుండా కూర్చున్నాను.

ఆఖరి నిమిషం అంటే నాకు మా బాబాయి గుర్తొస్తాడు. నానమ్మ పోయాక పంపకాలు జరిగాయి. పొద్దున్నుంచి పొలం, బావి, బిందెలు అన్నీ తెగాయి. బాబాయి నోరు విప్పలేదు. పెద్దమనుషులు తువ్వాలలు దులుపుకుని లేస్తుంటే అప్పుడన్నాడు, "అన్నా, ఆ బిస్కెట్ల డబ్బా ఒక్కటి నాకియ్యి, అమ్మ గుర్తు" అని. మా నాన్న "తీస్కపోరా తమ్మీ" అన్నాడు. అయిపోయింది. గడియారం కొట్టింది.

అందులో ఉన్నవి నానమ్మ దాచుకున్న హాలీ సిక్కా రూపాయలు, అంటే నిజాం సర్కారు నాణేలు. చార్మినార్ బొమ్మ, ద్వారం మధ్య 'మీమ్' అనే ఉర్దూ అక్షరం. అంటే మన మహబూబ్‌నగర్ పేరులో ఉన్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రూపాయలు. అమ్మ గుర్తు మూడు నెలలు కూడా నిలవలేదు. సేఠ్‌కు తూకానికి వేసి పిన్నికి పట్టీలు చేయించాడు. రూపాయి 11 గ్రాముల పైచిలుకు తూగినా అందులో వెండి నూటికి 82 పాళ్లేనని సేఠ్ తరుగు కోశాడట. "నన్ను మోసం జేసిండు" అని బాబాయి ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని బాధపడతాడు! నానమ్మ పుట్టిల్లు మక్తల్, నారాయణపేట దగ్గరే. ఆ డబ్బాలో నారాయణపేట రూపాయి ఒక్కటైనా లేకుండా ఎలా ఉంటుంది? అంటే నిన్నటితో అది నా చేయి జారడం రెండోసారి.

దొరగారూ, ఇది మీ కంటబడితే ఒక మాట. మీకు పడింది 2,450. నేను 4,000 ఇస్తాను, ఇన్‌బాక్స్‌లోకి రండి. బేరాలొద్దు, 4,000 దాటితే నిజంగా నా దగ్గర లేవు.