కోడికి మెతుకులొక్కటే మేత కాదు

పెరట్లో నాలుగు కోళ్లున్న ఇంట్లో అన్నం వృథా కాదు. రాత్రి మిగిలిన చద్ది, కూరగాయల తొక్కలు, నూకలు, చిట్టు అన్నీ వాటి ముందే పడతాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తరాలుగా వస్తున్న ఈ అలవాటు మంచిదే, నిలబడాల్సిందే. కానీ పెట్ట గుడ్లు మానేసిందన్నా, పెంకు గట్టిపడని తోలుగుడ్డు పెట్టిందన్నా, మెడ వాల్చేసిందన్నా చాలాసార్లు తప్పు ఆ మెతుకుల మూకుడులోనే దొరుకుతుంది.

100 గ్రాముల అన్నంలో మాంసకృత్తులు రెండున్నర గ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి. పెట్ట పెట్టే ఒక్క గుడ్డులోనే ఐదారు గ్రాములు వెళ్లిపోతాయి. పైగా పొద్దున్నే అన్నంతో కడుపు నిండిన పెట్ట పెంటపోగు కెలకదు, పురుగూ పుట్రా ఏరుకోదు. కొవ్వు పడుతుంది, గుడ్లు తగ్గుతాయి, రోహిణి ఎండల్లో ముందుగా వగర్చి పడిపోయేదీ అదే. అందుకే గూడు తలుపు తీయగానే ఏమీ వేయకూడదు. మేసి తిరిగొచ్చాక, పొద్దుగూకే ముందు వేయాలి. పెట్ట రోజు మేత ఎండు లెక్కన సుమారు 100 గ్రాములు. వంటింటి మిగులు అందులో ఐదో వంతు దాటకూడదు. తడి అన్నమైతే పెట్టకు ఒక చిన్న గుప్పెడు.

మిగతా లోటును మన ఊళ్లో పండే సరుకే తీరుస్తుంది. బయట తిరిగే నాలుగు నాటు పెట్టలకు రోజుకు 150 గ్రాముల నూకలు, 50 గ్రాముల చోళ్లు (రాగులు), 50 గ్రాముల తవుడు, 40 గ్రాముల ఉలవలు, 30 గ్రాముల తెలగపిండి (నువ్వుల చెక్క) కలిపితే చాలు. ఉలవలు ఉడికించే పెట్టాలి. పచ్చివాటిలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలుంటాయి. మాంసకృత్తుల్లో ఒక భాగమైన, ఉలవలో తక్కువయ్యే మెథియోనిన్ తెలగపిండిలో దండిగా ఉంటుంది, అందుకే ఈ రెండూ జతగా వేయాలి. తవుడు మాత్రం నిల్వకు ఆగదు. ముక్కిన వాసన తగిలిందంటే కోళ్లకు పెట్టవద్దు. గ్రామప్రియ వంటి ఎక్కువ గుడ్లు పెట్టే రకాలకు ఈ మేత కూడా చాలదు, గుడ్ల కోళ్లకు అమ్మే లేయర్ దాణా కలపాల్సిందే.

గుడ్డు పెంకు సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక్కో పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం పోతుంది, మెతుకుల్లో అది లేనట్టే. వాడేసిన గుడ్డు పెంకులు కడిగి, పెనం మీద పెళుసుగా అయ్యేదాకా వేయించి, కందిగింజలో సగం పరిమాణానికి నలగ్గొట్టాలి. పెద్ద చిప్పలుగా పడేస్తే పెట్టలు ఆ రుచి మరిగి సొంత గుడ్లే పొడుచుకుంటాయి. భావనపాడు, కళింగపట్నం వంటి తీరపు ఊళ్లలో ఆల్చిప్పల పొడి వాడుకోవచ్చు. దాన్ని మేతలో కలపకుండా వేరే చిప్పలో సాయంత్రం పెట్టాలి. గుడ్డుకు పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూటే. కోడిపిల్లలకు, ఇంకా గుడ్డుకు రాని పెట్టలకు ఇది పెట్టకూడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కోడిపిల్లలకు చద్దన్నం కన్నా చెదలు మేలు. పాత కుండలో పేడ, తడిపిన గడ్డి కూరి చెదపుట్ట మీద బోర్లిస్తే మర్నాటికి కుండలో చెదలు పడతాయి. వాటిని పిల్లల ముందు దులిపితే చాలు.

ఇక కోళ్లకు దూరంగా ఉంచాల్సినవి. ఆవకాయ ఊట, ఉప్పుచేప వద్దు. ఉప్పు ఎక్కువైతే కోడికి విషంతో సమానం, పిల్లలకు మరీను. ఎండు నెత్తళ్ల తలలు పెట్టాలంటే ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. బూజు పట్టిన రొట్టె, తుపానుకు తడిసి రంగు మారిన ధాన్యం, ముక్కిన వేరుశనగ చెక్క ‘మనుషులకు పనికిరావు గానీ కోళ్లకేం’ అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది, ఉడికించినా పోదు. కుళ్లిన మాంసం, దానిలోని పురుగులు తిన్న కోడికి మెడ నరాలు చచ్చుబడతాయి. పచ్చబడిన బంగాళాదుంప తొక్క, వాడేసిన టీ పొడి కూడా వద్దు. పెళ్లి భోజనాల మిగులు తెచ్చేవారు పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు ఏరకుండా పోయకూడదు. పోసినది అరగంటలో తినకపోతే ఎత్తేయాలి. రాత్రంతా ఉంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములొస్తాయి.

అన్నిటికన్నా ప్రమాదం చికెన్ దుకాణపు పచ్చి వ్యర్థాలు. పేగులు, ఈకలు తెచ్చి పెరట్లో వేస్తే కొక్కెర తెగులు (రాణిఖెత్), బర్డ్ ఫ్లూ వంటి అంటురోగాలను చేతులారా తెచ్చుకున్నట్టే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత నష్టం చేసిందో చూశాం. ఈ వ్యర్థాలను గెడ్డల్లో, రోడ్ల పక్కన పారబోయనివ్వకుండా దుకాణాల దగ్గరే విడిగా సేకరించడం పురపాలక సంస్థలు, పంచాయతీల బాధ్యత.

కొక్కెర తెగులు టీకా సంగతీ పశుసంవర్ధక శాఖ తేల్చాలి. టీకా సీసా సాధారణంగా 100 డోసులకు వస్తుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా చల్లగా ఉండాలి. ఆరు కోళ్లున్న ఇల్లాలు దాన్ని ఒంటరిగా కొని ఏం చేస్తుంది? రైతు సేవా కేంద్రం సిబ్బంది వీధికో తేదీ ముందే చాటించి, కోళ్లు గూట్లో ఉండే తెల్లవారుజామున ఐస్ పెట్టెతో రావాలి. ఏడు రోజుల పిల్లలకు కంటిలో చుక్క, రెండు నెలలు నిండేసరికి రెక్క కింద సూది అందాలి. వచ్చినప్పుడే ఆ ఇంట మూకుడులో ఏం వేస్తున్నారో కూడా చూసి చెప్పాలి. ఎండలు ముదరకముందే, మాఘ ఫాల్గుణాల్లోనే ఈ పని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ పూర్తి కావాలి.